బాల్కనీకి, డాబాకి, పెరటికి కుర్చీలు కొనేముందు

షాపుకి వెళ్లేముందు, ఫోన్‌లో బొమ్మలు చూడటం మొదలుపెట్టేముందు ఒక పని చేయండి. కుర్చీలు ఎక్కడ వేయాలనుకుంటున్నారో అక్కడికి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, వాన పడేటప్పుడు ఒకసారి వెళ్లి నిలబడి చూడండి. ఎండ ఎంతవరకు వస్తోంది, జల్లు ఎంతవరకు కొడుతోంది, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి. ఈ మూడూ తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. మనం ఆ కుర్చీలో కూర్చునేది రోజుకి గంటో రెండు గంటలో, మిగతా పొద్దంతా అది ఎండకి ఎండుతూ, చెమ్మకి నానుతూ, సముద్రం దగ్గరైతే ఉప్పుగాలి తగులుతూ పడి ఉంటుంది, పాడయ్యేదీ అప్పుడే.

పడమటి బాల్కనీ ఉన్నవాళ్లకి వేసవిలో మధ్యాహ్నం రెండింటి నుంచి పొద్దుగూకేదాకా నేరుగా ఎండ కొడుతుంది. అక్కడ ఇనుప కుర్చీ వేస్తే సరిగ్గా మీరు టీ తాగుదామని బయటికొచ్చే వేళకి అది కాలుతూ ఉంటుంది. దక్షిణం వైపు సంగతి వేరు: చలికాలంలో ఎండ లోపలిదాకా వస్తుంది, మే, జూన్‌లో మాత్రం మన ప్రాంతంలో సూర్యుడు దాదాపు నడినెత్తికి, కాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు కాబట్టి దక్షిణం బాల్కనీలో నీడే ఉంటుంది. అందుకే ఒకే అపార్ట్‌మెంటులో ఒకళ్లకి పదేళ్లు వచ్చిన కుర్చీ ఎదురు ఫ్లాట్ వాళ్లకి మూడేళ్లకే పెళుసుబారుతుంది. వాన కూడా అంతే. తెలంగాణలో ఎక్కువ వాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చే నైరుతి వాన, జల్లు పడమటి వైపు నుంచి తోస్తుంది. నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వాన, తుపాను గాలి తూర్పు నుంచి కొడతాయి. హైదరాబాదులో ఉన్న బంధువులు బాగుందన్న సెట్టు కాకినాడలో బాగుండాలని లేదు.

విశాఖ, భీమిలి, కాకినాడ, మచిలీపట్నం, చీరాల లాంటి ఊళ్లలో సముద్రానికి దగ్గరగా ఇల్లుంటే, ఉప్పుగాలి అన్నిటికంటే పెద్ద శత్రువు. అక్కడ మామూలు ఇనుము వద్దే వద్దు, ఎంత మంచి పెయింట్ వేసినా సరే. కారణం కింద చెప్తాను.

తర్వాత మీరు కూర్చునే తీరు

దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకైతే ఇదే ముఖ్యం. మనలో చాలామంది కాళ్లు కిందికి వేలాడేసి అరగంట కూడా కూర్చోలేరు. పది నిమిషాలకి ఒక కాలు పైకి వస్తుంది, తర్వాత బాసింపట్టు వేసుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్లయితే మొదటి నుంచీ అంతే. షాపుల్లో దొరికే చాలా కుర్చీలు కాళ్లు కిందికి పెట్టుకుని కూర్చునేవాళ్ల కొలతలతో చేసినవి, రెండు చేతుల మధ్య 18, 19 అంగుళాలు ఉంటాయి, అందులో బాసింపట్టు పట్టదు. మీకు ఆ అలవాటు ఉంటే కూర్చునే వెడల్పు కనీసం 24 అంగుళాలు, లోతు 20 నుంచి 22 అంగుళాలు ఉన్నది చూడండి, లేదా చేతుల్లేని బెంచీ, దివాన్ లాంటి బల్ల చూడండి.

నిటారుగా కూర్చుని తినడానికి, పేపర్ చదవడానికి అయితే నేల నుంచి సీటు ఎత్తు 17, 18 అంగుళాలు, లోతు 17, 18 అంగుళాలు ఉంటే సరిపోతుంది. వెనక్కి వాలి తీరిగ్గా కూర్చోడానికి అయితే ఎత్తు 15, 16కి తగ్గినా పర్లేదు, లోతు పెరగాలి. ఏదైనా సరే పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి, మోకాలి వెనక భాగానికీ సీటు అంచుకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టే సందు ఉండాలి. ఆ సందు లేకపోతే అంచు పిక్కల పైన నొక్కి కాసేపటికి తిమ్మిరెక్కుతుంది. సీటు ముందు అంచు గుండ్రంగా కిందికి వంగి ఉందో లేదో చేత్తో తడిమి చూడండి, ఇనుప పైపు, చెక్క పట్టీ అడ్డంగా పొడుచుకుని ఉన్నది కొనకండి.

మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే పల్లంగా ఉండే సోఫా లాంటివి అసలు వద్దు. అమ్మమ్మని అందులో కూర్చోబెడితే లేవడానికి ఇద్దరు కావాలి. వాళ్లకి 18 అంగుళాల ఎత్తు, గట్టి చేతులు, ఆ చేతులు సీటు ముందు అంచు దాకా ఉన్న కుర్చీ కావాలి, ఎందుకంటే లేచేటప్పుడు వాళ్లు బరువంతా చేతుల చివర మోపుతారు. పాత పడక కుర్చీ వాలి పడుకోడానికి చాలా బాగుంటుంది, గుడ్డ చిరిగితే గుడ్డ ఒక్కటే మార్చుకోవచ్చు, కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అందులోంచి లేవలేరు, అది వేరేవాళ్లకి ఉంచండి.

షాపులో కూర్చుని చూసేటప్పుడు ఒక నిమిషం కూర్చుని లేచేయకండి. పావుగంట కూర్చోండి, ఫోన్ మాట్లాడుకోండి, ఒక కాలు పైన పెట్టుకోండి, ఒక పక్కకి ఒరగండి. అమ్మేవాళ్లు ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు, పదేళ్లు కూర్చోబోయేది మీరు. ఇంట్లో అందరికంటే బరువైన మనిషినీ, అందరికంటే పెద్ద వయసు మనిషినీ తీసుకెళ్లి కూర్చోబెట్టండి.

ఇంకో మాట. మన ఎండలకి మెత్తటి దిండ్ల కంటే గాలి ఆడే అల్లిక హాయిగా ఉంటుంది. నవారు, నులక, కేన్, గట్టి నెట్ గుడ్డ, వీటిలో వీపుకి చెమట పట్టదు, ప్లాస్టిక్ నవారు, నెట్ గుడ్డ అయితే తడిసినా త్వరగా ఆరిపోతాయి. రెక్సిన్ కవరు అయితే ఏప్రిల్‌లో తొడలకి అతుక్కుపోతుంది. లావుపాటి కుషన్ల సోఫాలు చలి దేశాల్లో పెరట్లో వేసుకునేవి, బొమ్మలో చూడటానికి బాగుంటాయి, వరంగల్లో మే నెల రాత్రి వాటి మీద కూర్చోవడం శిక్ష.

చెక్క

ఆరుబయట చెక్క అంటే మొదట టేకే. అందులో సహజంగా నూనె ఉంటుంది, చెదలు త్వరగా పట్టవు, తడిసి ఆరినా మెలితిరగడం తక్కువ. అయితే ఈ మాట చేవకి మాత్రమే వర్తిస్తుంది. చెట్టు నడిమి భాగంలో ముదురు రంగులో ఉండేది చేవ, బెరడు కింద పాలిపోయిన రంగులో ఉండే చెక్కకి ఆ గుణం లేదు, టేకైనా సరే అది పుచ్చిపోతుంది. లేత చెట్లు కొట్టిన కలపలో ఈ తెల్ల చెక్కే ఎక్కువ ఉంటుంది, దానికి ముదురు పాలిష్ కొట్టి మొత్తం ఒకే రంగు చేస్తారు. అందుకే కుర్చీని తిరగేసి, పాలిష్ పడని అడుగు భాగం, కాళ్ల చివరలు చూడండి. అక్కడ తెల్ల చారలు కనిపిస్తే ధర అడగక్కర్లేదు, పక్కకి వెళ్లిపోండి.

కొత్త టేకు ధర చూసి భయపడేవాళ్లకి నేను చెప్పేది పాత కలప. మన ఊళ్లన్నిటిలో పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, వాసాలు, తలుపులు అమ్మే చోట్లు ఉంటాయి. అరవై డెబ్బై ఏళ్లు ఇంట్లో ఉన్న టేకు పూర్తిగా ఆరిపోయి ఉంటుంది, ఇక వంగాల్సింది ఏమీ మిగలదు. మేకులు ఉంటాయి, అవి పీకించాలి, కోత మిల్లు వాళ్లు కొంచెం విసుక్కుంటారు, అయినా చేసిన బెంచీ మీ తర్వాత కూడా ఉంటుంది. తెలిసిన వడ్రంగి ఉంటే ఇదే అన్నిటికంటే మంచి దారి అని నా అభిప్రాయం.

నల్లతుమ్మ గట్టి కర్ర, బండి చక్రాలకి, నాగళ్లకి వాడినదే, చేవ భాగం బాగా ఆరితే బెంచీలకి పనికొస్తుంది. వేపకి పురుగు తక్కువ పడుతుంది కానీ సరిగ్గా ఆరకుండా చేస్తే మెలితిరుగుతుంది. మామిడి, రబ్బరు చెక్క బయటికి పనికిరావు. ఆన్‌లైన్‌లో దొరికే శీషం కుర్చీలు హాల్లోకి బాగుంటాయి, ఎండలో బీటలిస్తాయి. ప్లైవుడ్, పొడి అతికించి చేసిన బోర్డులు ఒక్క ముసురుకి ఉబ్బిపోతాయి, వాటి గురించి మాట్లాడటం కూడా దండగ.

అతుకులు చూడండి. చెక్కలో బెజ్జం చేసి ఇంకో చెక్క దూర్చి బిగించిన అతుకు ఏళ్ల తరబడి ఉంటుంది, ఊరికే ఆనించి మేకు కొట్టినది రెండో ఏడు నుంచి కిర్రుమంటుంది. బయట వేసే చెక్కకి లోపలి సామానుకి కొట్టే మెరిసే పాలిష్ వద్దు. ఎండకి అది పగిలి, ఆ పగులులోంచి నీరు దూరి, లోపలే నిలిచి, పెచ్చులుగా లేస్తుంది, తర్వాత మొత్తం గీకి మళ్లీ కొట్టాలి. దానికంటే అవిసె నూనో, టేకు నూనో ఏడాదికి ఒకసారి వానలు తగ్గాక గుడ్డతో రుద్దితే చాలు. నూనె రాసిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి, అవిసె నూనె గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, విప్పి ఆరుబయట ఆరేయండి. ఏమీ రాయకుండా వదిలేసినా టేకు పాడవదు, ఒకటి రెండేళ్లలో బూడిద రంగుకి తిరుగుతుంది, ఆ రంగు నచ్చితే హాయిగా వదిలేయొచ్చు.

ఇనుము, స్టీలు, అల్యూమినియం

ఇనుప కుర్చీలు, ఊయల స్టాండ్లు మన వెల్డింగ్ షాపుల్లో చవగ్గా చేసిస్తారు, మనకి కావలసిన కొలతలతో చేయించుకోవచ్చు కూడా. అడగాల్సింది పైపు మందం. గేజీ నంబరు పెరిగేకొద్దీ పైపు పల్చబడుతుంది: 20 గేజీ అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లు, 18 అంటే 1.2, 16 అంటే 1.6. కుర్చీకి 18, బెంచీకీ ఊయల స్టాండ్‌కీ 16 లేదా ఇంకా మందం అడగండి. అతుకుల చుట్టూ పూర్తిగా వెల్డింగ్ చేశారా, రెండు చుక్కలు పెట్టి పైన పుట్టీ పూసి పెయింట్ కొట్టారా అన్నది వేలితో తడిమితే తెలుస్తుంది. పెయింట్ వేయకముందే ఒకసారి వెళ్లి చూస్తే ఇంకా మంచిది.

ఇనుప పైపు తుప్పు పట్టేది ఎక్కువగా లోపలి నుంచే. కాలి చివర పెట్టిన ప్లాస్టిక్ బుష్ ఊడిపోతుంది, తెరుచుకున్న పైపు చివర నేల మీద నిలిచిన నీళ్లలో ఉంటుంది, చెమ్మ పైకి ఎక్కుతుంది, పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది, ఒకరోజు కాలు లోపలికి కుంగిపోతుంది. కాబట్టి పైపు చివరలు వెల్డింగ్‌తో మూయించి, దాని మీద బుష్ వేయించండి. లేదంటే నీళ్లు కారిపోవడానికి అడుగున చిన్న బెజ్జం పెట్టించండి. పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి వేడితో కరిగించి అతికించేది) మామూలు పెయింట్ కంటే గట్టిది, కానీ అది పడేముందు తుప్పు, నూనె, వెల్డింగ్ మసి శుభ్రంగా తీయాలి, లేకపోతే పొరగా లేచిపోతుంది. జీఐ పైపుతో, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపుతో చేయించితే వెల్డింగ్ చేసిన చోట జింకు పూత కాలిపోతుంది, తుప్పు మొదలయ్యేది కూడా అక్కడే, ఆ అతుకుల మీద జింకు పెయింట్ కొట్టమని ప్రత్యేకంగా చెప్పాలి, చెప్పకపోతే ఎవరూ కొట్టరు.

సముద్రం దగ్గర ఇనుము వద్దన్నది ఇందుకే: పెయింట్ మీద ఒక చిన్న గీత పడితే చాలు, ఉప్పు అక్కడ చేరి గాలిలో తేమని పట్టి ఉంచుతుంది, తుప్పు పెయింట్ అడుగున పాకుతుంది, పైకి కనిపించేసరికి ఆలస్యం అయిపోతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలులో రకాలకి 202, 304, 316 అని గ్రేడు నంబర్లు ఉంటాయి, అక్కడ ఒక మోసం జరుగుతుంది. షాపులో అయస్కాంతం పెట్టి "చూడండి సార్, అంటుకోవట్లేదు, ఒరిజినల్ 304" అంటారు. చవకరకం 202 గ్రేడుకి కూడా అయస్కాంతం అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో ఈ రెండిట్లో ఏదో తేలదు. స్టీలు గ్రేడు చూడటానికి చుక్కల మందు, చిన్న బ్యాటరీతో చేసే పరీక్ష ఉంది, పాత స్టీలు కొనేవాళ్ల దగ్గర కూడా ఉంటుంది, పెద్ద మొత్తం పెడుతుంటే చేసి చూపించమనండి, బిల్లు మీద గ్రేడు రాయమనండి. ఊరి లోపల 304 చాలు. సముద్రం ఒడ్డున 304 మీద కూడా గోధుమ రంగు మరకలు వస్తాయి, అక్కడ మాలిబ్డినం కలిసిన 316 నిలబడుతుంది, ధర ఎక్కువ. మరకలు మొదలైతే పీచుతో రుద్దకండి, ఇనుప పీచు ముక్కలు ఇరుక్కుని అవి కూడా తుప్పు పడతాయి, మంచినీళ్లతో కడిగి గుడ్డతో తుడిస్తే చాలు.

అల్యూమినియంకి ఇనుములా ఎర్ర తుప్పు పట్టదు, బరువు ఇనుములో మూడో వంతే, ఒక్కళ్లే ఎత్తి అటూ ఇటూ జరుపుకోవచ్చు. కోస్తా ఊళ్లకి, రోజూ మడిచి లోపల పెట్టుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. స్క్రూలు మాత్రం స్టెయిన్‌లెస్‌వి ఉండాలి. మామూలు ఇనుప స్క్రూ అయితే అదే మొదట తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, కొనేటప్పుడు ఆ అయస్కాంతం స్క్రూ తలల మీద పెట్టి చూడండి, గట్టిగా అంటుకుంటే ఇనుపదేమోనని అనుమానించాలి.

ప్లాస్టిక్, కేన్, అల్లిక కుర్చీలు

ప్లాస్టిక్ కుర్చీని చిన్నచూపు చూడక్కర్లేదు, అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి, డాబా మీదకి తీసుకెళ్లి తేవడానికి అదే సుఖం. కానీ ఎండలో శాశ్వతంగా వదిలేస్తే పైన తెల్ల పొడి రాలడం మొదలవుతుంది, తర్వాత పెళుసవుతుంది. బరువుగా ఉన్నది తీసుకోండి, కాళ్లకీ సీటుకీ కలిసే చోట అడుగున అడ్డపట్టీలు ఉన్నది తీసుకోండి, పట్టుకుని పక్కకి నొక్కితే తెల్ల గీతలు పడేది వద్దు. ఎండని తట్టుకోవడంలో నల్ల రంగు ప్లాస్టిక్ ముందుంటుంది, అందులో కలిపే నల్లపొడి ఎండని లోపలికి పోనివ్వదు, అయితే అది వేడెక్కుతుంది, కాబట్టి నీడ పట్టునే మంచిది. నున్నటి టైల్స్ మీద, పైగా తడి ఉంటే ఈ కుర్చీల కాళ్లు ఎడంగా జారిపోతాయి. పొడి రాలుతున్న పాత కుర్చీలో పెద్దవాళ్లని కూర్చోనివ్వకండి, స్టూలులా ఎక్కి నిలబడకండి, కాలు విరిగేటప్పుడు ముందుగా చప్పుడు కూడా రాదు. ఇంకా బాగానే ఉంది కదా అని దాచుకోకుండా పాత సామాను కొనేవాళ్లకి ఇచ్చేయండి.

అసలు కేన్, వెదురు అందంగా ఉంటాయి, కూర్చుంటే హాయిగా ఉంటాయి, వాటిని జల్లు పడని వరండాలోనో సిటౌట్‌లోనో వేసుకోండి. తడిస్తే బూజు పడతాయి, పూర్తిగా ఎండితే విరుగుతాయి.

కేన్‌లా కనిపించే ప్లాస్టిక్ అల్లిక సెట్లు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. వాటిలో రెండు రకాలు: పాలిథిలీన్ తీగతో అల్లినవి ఎండకి నిలబడతాయి, పీవీసీ తీగతో అల్లినవి బిరుసెక్కి తెగుతాయి. తీగ చివర ఎక్కడైనా బయటికి కనిపిస్తే చూడండి, లోపల కూడా అదే రంగు ఉండాలి, పైన మాత్రమే రంగు పూసినదైతే వెలిసిపోతుంది. తర్వాత కుర్చీని తిరగేసి లోపలి ఫ్రేముకి అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, అల్లిక కింద కనపడకుండా తుప్పు పట్టి ఎర్ర నీళ్లు టైల్స్ మీద కారుతాయి. అల్లిక సందుల్లో దుమ్ము చేరితే తీయడం కష్టం, రోడ్డు పక్క ఇల్లయితే సందులు పెద్దవిగా ఉన్న అల్లిక గానీ తాడు అల్లిక గానీ చూసుకోండి.

నా ఓటు మాత్రం నవారుకి. టేకు గానీ అల్యూమినియం గానీ ఫ్రేము, దాని మీద ప్లాస్టిక్ నవారు. తెగితే మన ఊళ్లోనే మళ్లీ అల్లే మనిషి దొరుకుతాడు, ఫ్రేము అలాగే ఉంటుంది. ఏది కొన్నా ఇదే అడగండి: ఇందులో ఒక ముక్క పాడైతే మా ఊళ్లో ఎవరైనా బాగు చేస్తారా? చేయలేని సెట్టు ఎంత అందంగా ఉన్నా, ఒక తీగ తెగిన రోజు నుంచి దాని ఆయుష్షు లెక్కే.

పెరడు, సొంత స్థలం ఉన్నవాళ్లకి రాతి బల్ల లాంటిది లేదు. తాండూరు, బేతంచర్ల, కడప రాళ్లు మనవే, సులువుగా దొరుకుతాయి. కడప నల్లరాయి ఎండకి బాగా కాలుతుంది, చెట్టు నీడ ఉంటేనే వేయించండి, ఎండ పడే చోట లేత రంగు రాయి మేలు. మందం రెండు అంగుళాలు ఉండాలి, అంచులు గుండ్రంగా సాన పట్టించాలి, వాన నీళ్లు నిలవకుండా ఒక పక్కకి కొంచెం వాలు పెట్టించాలి. ఇవన్నీ సున్నపురాయి జాతివి కాబట్టి యాసిడ్ పోసి కడగకండి, నిమ్మరసం పడినా మరక పడుతుంది.

ఊయల వేయించేవాళ్లకి

ఇక్కడ తొందర వద్దు. ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుంటే 150 కిలోలు అనుకుందాం, ఊగుతున్నప్పుడు కిందికి వచ్చేసరికి హుక్కు మీద పడే లాగుడు బరువు కంటే ఎక్కువ ఉంటుంది, బాగా ఎత్తుగా, 45 డిగ్రీల దాకా ఊగితే దాదాపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పిల్లలు ఎగిరి కూర్చుంటే ఇంకా ఎక్కువ. కాబట్టి హుక్కు, గొలుసు, బోల్టు అన్నీ దానికి కొన్ని రెట్లు మోయగలిగేవి ఉండాలి. స్లాబు పోసేటప్పుడే కడ్డీలకి కట్టి వేసిన హుక్కు అన్నిటికంటే నమ్మకం. తర్వాత వేయాల్సి వస్తే బీము ఎక్కడుందో చూసి, దానికే బోల్టులు దించాలి, ఫాల్స్ సీలింగ్‌కో, ప్లాస్టరింగ్‌కో దిగిన స్క్రూ లెక్కలోకి రాదు. గోడ బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ స్లాబుకైతే ఇంజనీరుని అడగకుండా ఏమీ తగిలించకండి. అనుమానంగా ఉంటే స్టాండ్ ఉన్న ఊయల తీసుకోండి, స్టాండ్ కాళ్లు ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది.

పిల్లలున్న ఇంట్లో ఇంకో సంగతి. పిట్టగోడకి, రెయిలింగుకి ఆనించి బెంచీ గానీ స్టూలు గానీ వేయకండి. వాళ్లు ఎక్కుతారు. ఎత్తలేనంత బరువైన కుర్చీ అయినా సరే, రెయిలింగు పక్కన ఉంటే అది మెట్టే. గోడ వైపుకి వేసుకోండి.

కుషన్లు, కోతులు

కుషన్ కావాలనుకుంటే పల్చగా, రెండు అంగుళాలది, జిప్ ఉన్న కవరుతో తీసుకోండి. మామూలు ఫోమ్ నీళ్లు పీల్చి రోజుల తరబడి ఆరదు, వాసన పడుతుంది, ఫోమ్‌కి 32, 40 డెన్సిటీ (ఎంత దట్టంగా ఉందో) అని చెప్పే లెక్క కుంగిపోకుండా ఉండటానికే తప్ప నీటికి సంబంధం లేదు. గుడ్డ విషయంలో, దారం తయారయ్యేటప్పుడే రంగు కలిపిన యాక్రిలిక్ గుడ్డ ఎండకి వెలవదు, పైన అద్దకం వేసిన కాటన్ ఒక్క వేసవికే పాలిపోతుంది. కోతులు తిరిగే ఊరైతే కుషన్లు రాత్రీ పగలూ బయట ఉంచే ఆలోచనే మానుకోండి. ఉడతలు కూడా దూది, పీచు లాగి గూళ్లకి పట్టుకెళ్తాయి. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో పావురాలు ఉంటాయి, అక్కడ తడిగుడ్డతో తుడిస్తే పోయే నున్నటి సీటే మంచిది.

కొలతలు, కొనడం

నాలుగు అడుగుల వెడల్పు బాల్కనీలో 28 అంగుళాల లోతున్న కుర్చీ వేస్తే నడవడానికి మిగిలేది 20 అంగుళాలు, బట్టలు ఆరేసే స్టాండ్ కూడా అక్కడే ఉంటే అదీ ఉండదు. కొనేముందు పాత వార్తాపత్రికలు కుర్చీ కొలతకి పరిచి, తలుపు తెరిచి, చుట్టూ నడిచి చూడండి. లిఫ్ట్ తలుపు వెడల్పు, మెట్ల మలుపు కూడా కొలవండి, బల్ల ఐదో అంతస్తుకి ఎక్కదని తెలిసేది సాధారణంగా డెలివరీ రోజే. చిన్న చోటుకి ఏడు ముక్కల సెట్టు కంటే రెండు మంచి కుర్చీలు, ఒక మడత బల్ల మేలు. గాజు బల్ల గాలి ఎక్కువుండే డాబాలకి వద్దు.

ఆన్‌లైన్‌లో కొంటే కుర్చీ బరువు ఎంత రాశారో చూడండి, అదే సైజు కుర్చీల్లో మరీ తేలికగా ఉన్నది పల్చటి పైపుతో చేసినదే అయి ఉంటుంది. చెక్క పేరు రాయకుండా "గట్టి చెక్క" అని మాత్రమే ఉంటే వదిలేయండి. బాగున్నాయన్న అభిప్రాయాల కంటే ఒక వానాకాలం గడిచాక రాసినవి వెతికి చదవండి.

కోస్తాలో ఉన్నవాళ్లు కొనే రోజే తుపాను సంగతి ఆలోచించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు చెట్లు, స్తంభాలు పడిపోయాయి, ఇక డాబా మీద ప్లాస్టిక్ కుర్చీ ఒక లెక్కా. అది ఎగిరి పక్కింటి కిటికీనో, మనిషినో తగులుతుంది. హెచ్చరిక వచ్చినప్పుడు గబగబా లోపల పెట్టగలిగేలా మడిచేవి, ఒకదాని మీద ఒకటి పేర్చేవి తీసుకోండి, లేదా రాతి బల్లలా కదలనివి. బల్ల మధ్యలో నిలబెట్టే పెద్ద గొడుగులు, తేలికపాటి సోఫాలు మీ డాబాకి వద్దు.

ఇక డబ్బులిచ్చేటప్పుడు బిల్లుతో పాటు ఇవి కూడా అడిగి తీసుకోండి: అదే రంగు పెయింట్ చిన్న డబ్బా, కాళ్లకి వేసే బుష్షులు ఇంకో సెట్టు, నాలుగు స్క్రూలు, నవారైతే ఒక చుట్ట ఎక్కువ. ఆ రోజు అడిగితే ఊరికే ఇస్తారు లేదా వందా రెండొందలు తీసుకుంటారు, రెండేళ్ల తర్వాత అదే రంగు, అదే సైజు దొరకవు. వానలు మొదలయ్యేముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి కుర్చీలన్నీ తిరగేసి బుష్షులు ఉన్నాయో లేదో, స్క్రూలు వదులయ్యాయో, పెయింట్ ఎక్కడ గీసుకుపోయిందో చూసి అక్కడికక్కడే సరిచేయండి, సముద్రం దగ్గరైతే వారానికి ఒకసారి మంచినీళ్లతో కడిగి తుడవండి.